వాలిన సీసా: సెజాన్ ఆపిల్ బుట్టకు నకలు వేసిన అనుభవం

బొమ్మలో సీసా ఎడమకు వాలి ఉంటుంది. నా చెయ్యి మొదటి గీతలోనే దాన్ని నిటారుగా నిలబెట్టేసింది. పక్కనున్న బుట్ట ఎందుకో బల్ల మీంచి జారిపోతున్నట్టు అనిపించింది గానీ తప్పు సీసాలో ఉందని మూడో సిట్టింగుకి గానీ తెలియలేదు. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ బొమ్మను నకలు వెయ్యడంలో వచ్చే తప్పుల్లో సగం ఇలాంటివే. చూసింది వెయ్యం, తెలిసింది వేస్తాం. సీసా అంటే నిటారు, గుడ్డ అంటే తెలుపు, ఆపిల్ అంటే ఎరుపు, బల్ల అంచు అంటే తిన్నని గీత. ఈ నాలుగూ ఈ బొమ్మలో అబద్ధాలే.

నకలుకి ఎంచుకున్నది పాల్ సెజాన్ 1893 ప్రాంతంలో వేసిన ‘ఆపిల్ పళ్ళ బుట్ట’. 65 సెంటీమీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు, కాన్వాస్ మీద తైలవర్ణం. అసలు బొమ్మ షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ముందుకు ఒరిగిన బుట్ట, వాలిన సీసా, నలిగిన తెల్లగుడ్డ మీద దొర్లిన పళ్ళు, కుడివైపు పళ్ళెంలో అడ్డదిడ్డంగా పేర్చిన బిస్కెట్లు. నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా వాన్‌గో పొద్దుతిరుగుడు పూల మీద పడతారు. నా మాట వింటే మొదటి నకలుకి అది వద్దు. ఆ మందపు రంగులో ఉన్నది చేతి వేగం. వేగాన్ని నకలు చెయ్యబోతే చేతిలో మిగిలేది రంగు ముద్దే, ట్యూబులు ఖాళీ అవడం అదనం. సెజాన్ మచ్చ పక్కన మచ్చ పెట్టుకుంటూ నెమ్మదిగా వెళతాడు. ప్రతి మచ్చా విడిగా కనిపిస్తుంది కాబట్టి ఏది ముందు, ఏది దాని మీద అని వెతుక్కోవచ్చు.

నకలు వెయ్యడం చిన్నతనం అనుకునేవాళ్ళకి ఒక్క మాట. సెజాన్ కూడా పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో పాత గురువుల బొమ్మల ముందు, శిల్పాల ముందు ఏళ్ళ తరబడి కూర్చుని గీసుకున్నవాడే. వాన్‌గో 1889–90లో దక్షిణ ఫ్రాన్సులోని సాఁ-రెమీలో ఉన్నప్పుడు తనకన్నా ముందుతరం చిత్రకారుడైన మిల్లే బొమ్మలను నలుపు తెలుపు ప్రింట్లు చూసి తన రంగుల్లో వేశాడు.

ముందు కొలతలు. మన దగ్గర రెడీమేడ్ కాన్వాస్ అంగుళాల్లో దొరుకుతుంది. 16×20 అంగుళాలదంటే సుమారు 40.6×50.8 సెంటీమీటర్లు. అసలు బొమ్మ ఎత్తు 65ని 0.625తో గుణిస్తే 40.6 వస్తుంది, వెడల్పు 80ని అదే లెక్కన తగ్గిస్తే సరిగ్గా 50. కుడి అంచున 8 మిల్లీమీటర్లు వదిలి నిలువు గీత కొట్టేస్తే నిష్పత్తి కుదిరినట్టే. ఈ 8 మిల్లీమీటర్లే కదా అని బొమ్మను సాగదీస్తే పళ్ళెం దగ్గర గుండ్రాలన్నీ కోడిగుడ్లవుతాయి. 12×16 కాన్వాస్ కొనకండి, నిష్పత్తి మరీ తేడా, పైగా బిస్కెట్లకు చోటు చాలదు.

షికాగో మ్యూజియం తన వెబ్‌సైటులో ఈ బొమ్మను పెద్ద సైజులో, హక్కుల అడ్డం లేకుండా ఉచితంగా ఇస్తుంది. దాన్ని చెన్నైలో ఏ డిజిటల్ ప్రింటింగ్ షాపులో అయినా ఎ3 మ్యాట్ కాగితం మీద తీయించవచ్చు. గ్లాసీ వద్దు, ట్యూబులైటు మెరుపు సరిగ్గా సీసా మీదే పడుతుంది. ప్రింటు గీతకు మాత్రమే. రంగుకి ట్యాబ్లెట్ తెర చూడాలి, ఎందుకంటే ప్రింటులో నీలాలు చప్పబడి గోడ మొత్తం సిమెంటు రంగుకి దిగిపోతుంది. తెరతోనూ ఒక చిక్కుంది. రాత్రిపూట తెరను పసుపు చేసే సెట్టింగు, వెలుతురును బట్టి కాంతిని మార్చే సెట్టింగు రెండూ ఆపెయ్యాలి. తెర కాంతిని చిమ్ముతుంది, మనం పూసే రంగు చిమ్మదు. పక్కపక్కన పెడితే మన బొమ్మ ఎప్పుడూ మురికిగానే కనిపిస్తుంది. అది చూసి ప్రతి మిశ్రమంలో తెలుపు గుమ్మరించడం నేను చేసిన రెండో పెద్ద తప్పు. తెర కాంతిని సగానికి దించాక ఆ బాధ తప్పింది.

గడి గీతలు 4 అడ్డ వరసలు, 5 నిలువు వరసలు చాలు. మన కాన్వాస్ మీద ఒక్కో గడి 10 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు 10.15 ఎత్తు వస్తుంది. ఇరవై గడులు. చాలామంది వంద గడులు కొట్టి చుక్క చుక్క కలుపుతారు. అలా వేస్తే బొమ్మ వస్తుంది గానీ కన్ను నేర్చుకునేది ఏమీ ఉండదు. పెన్సిల్ వద్దు. గ్రాఫైట్ లేత రంగుల్లో కలిసి బూడిద చేస్తుంది. పల్చని ఓకర్ (మట్టి పసుపు) రంగుతో గడి కొట్టి, ఆరాక బొమ్మను అల్ట్రామెరైన్ నీలంలో కొద్దిగా టర్పెంటైన్ కలిపి, 4వ నంబరు బ్రష్‌తో గీశాను. సెజాన్ కూడా నీలం గీతలతో అంచులు పట్టేవాడు, ఒక్క గీతతో ఆపకుండా పక్కనే ఇంకొకటి, మరొకటి. ఆపిల్ చుట్టూ రెండు మూడు గీతలు కదులుతూ కనిపిస్తాయి. ఆ గీతలను ఒక్కటిగా మూసెయ్యకూడదు. మూస్తే పండు కత్తిరించి అతికించిన స్టిక్కరైపోతుంది.

గీత అయ్యాక చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. దారానికి చిన్న నట్టు కట్టి ప్రింటు ముందు వేలాడదీసి, సీసా మెడ ఎక్కడ తప్పుకుంటోందో చూడండి. కాన్వాస్ ముందు కూడా అదే చెయ్యండి. తర్వాత బల్ల ముందు అంచుకి స్కేలు ఆనించండి. గుడ్డకు ఎడమవైపు అంచు, కుడివైపు అంచు ఒకే గీతలో ఉండవు. గుడ్డ కింద అవి ఎక్కడ కలుస్తాయో చూపించకుండా దాచేశాడు. బిస్కెట్ల దొంతరా అంతే, కింది వరసను ఒకచోటి నుంచి, పై వరసను ఇంకాస్త లేచి చూసినట్టు ఉంటుంది. సీసాను నిటారు చేస్తే బుట్ట పడిపోయేట్టు ఎందుకుందంటే, బుట్ట ముందుకు తూలే బరువుని ఆ వాలు సీసాయే వెనక్కి లాగి పట్టుకుంటోంది. ఒకదాని వంకర ఇంకొకదానికి ఆసరా. ఒక్కటి సరిచేస్తే మిగతావన్నీ వంకరగా కనిపిస్తాయి. దాన్ని తుడిచి మళ్ళీ గీయడానికి పది నిమిషాలు పట్టింది. రంగు వేశాక అయితే రెండు సిట్టింగులు పోయేవి.

రంగుల సంగతి. 1904లో ఎమిల్ బెర్నార్ అనే చిత్రకారుడు సెజాన్ సొంత ఊరు ఎక్స్‌కి వెళ్ళి, ఆయన పాలెట్‌లో (రంగులు కలుపుకునే పలకలో) ఉన్న రంగులను రాసిపెట్టాడు. పసుపులు, మట్టి ఎరుపులు, వెర్మిలియన్, మూడు ఆకుపచ్చలు, కోబాల్ట్, అల్ట్రామెరైన్, ప్రష్యన్ నీలాలు, ఒక నలుపు, ఇలా దాదాపు ఇరవై. అవన్నీ కొనక్కర్లేదు, కొన్ని కొనకూడదు కూడా. ఆనాటి క్రోమ్ పసుపులో సీసం, వెరోనీస్ ఆకుపచ్చలో ఆర్సెనిక్ ఉండేవి. నేను వాడినవి తొమ్మిది: టైటానియం వైట్, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, వెర్మిలియన్ హ్యూ (సింధూరపు ఎరుపు; హ్యూ అంటే అసలు పదార్థం బదులు అదే రంగునిచ్చేది), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ), వెరీడియన్ (ఆకుపచ్చ), కోబాల్ట్ బ్లూ హ్యూ, అల్ట్రామెరైన్. తెలుపు పెద్ద ట్యూబు తీసుకోండి, మిగతావి చిన్నవి చాలు. ఈ బొమ్మలో మిగతా ఎనిమిదీ కలిపి ఎంత ఖర్చయ్యాయో తెలుపు ఒక్కటే అంత అయింది. నలుపు అసలు కొనలేదు. నలుపు చేతిలో ఉంటే నీడ కనిపించినచోటల్లా బ్రష్ దాని దగ్గరికే పోతుంది.

బ్రష్‌లు పంది వెంట్రుకలవి, చదును కొసవి (ఫ్లాట్లు), 4, 6, 8 నంబర్లు. మెత్తటి సింథటిక్ బ్రష్ రంగుని పూస్తుంది, పెట్టదు. ఇక్కడ పెట్టాలి.

మొదటి పొర పల్చన. రంగులో టర్పెంటైన్ మాత్రమే, నూనె లేకుండా. గోడకి నీలి బూడిద, బల్లకి ఓకర్ సియెన్నా, సీసా చీకటి, గుడ్డ నీడలు, పళ్ళ కింది భాగాలు, అంతే. ఈ దశలో తెల్లగుడ్డ వెలుగుని ముట్టుకోకుండా కాన్వాస్ తెలుపే వదిలేశాను. ఇది ఆరాక రెండో పొరలో చుక్క అవిసె నూనె, చివరి పొరలో ఇంకొంచెం. నూనె తక్కువ పొర కింద, ఎక్కువ పొర పైన. కింది పొర ఇంకా కదులుతుండగా పైది బిగుసుకుపోతే చీలికలు వస్తాయి. టర్పెంటైన్ మరీ ఎక్కువైతే ఇంకో జబ్బు. రంగుని పట్టి ఉంచే నూనె చాలక ఆరాక వేలితో రుద్దితే సుద్దలా రాలుతుంది. నా గోడ ఎడమ మూల అలాగే రాలింది. కాఫీ డికాక్షన్‌లా పల్చన చేశాను, పాలు కలిపిన కాఫీ దగ్గర ఆగాల్సింది.

ఇప్పుడు పళ్ళు. అసలు పాఠమంతా ఇక్కడే. ఒక్క ఆపిల్‌కి పాలెట్ మీద ఆరు ముద్దలు వరసగా కలిపి పెట్టుకోవాలి, ఒక్కోటి శనగగింజంత. ఒకటి, లెమన్ ఎల్లోలో తెలుపు. రెండు, లెమన్ ఎల్లోలో ఓకర్. మూడు, దానికే కాస్త వెర్మిలియన్ కలిపిన నారింజ. నాలుగు, వెర్మిలియన్ నేరుగా. ఐదు, క్రిమ్సన్‌లో సూదిమొనంత అల్ట్రామెరైన్. ఆరు, వెరీడియన్, తెలుపు, క్రిమ్సన్ కలిపిన చల్లని బూడిద. మనకి బాగా దగ్గరగా ఉబికి ఉన్నచోట ఒకటో రంగు. అక్కడి నుంచి పండు పక్కకు తిరిగేకొద్దీ రెండు, మూడు, నాలుగు, ఐదు. గుడ్డకి ఆనుకున్న అంచున ఆరు. ఒక్కో రంగు ఒక్కో మచ్చ, మచ్చ వెడల్పు 6వ నంబరు బ్రష్ వెడల్పే. రెండు మచ్చల మధ్య రుద్దకూడదు. స్కూల్లో పెన్సిల్ షేడింగ్ నేర్చుకున్న చెయ్యి ఇక్కడ ఊరుకోదు, వేలు పెట్టి నునుపు చేస్తుంది. నునుపు చేసిన ఆపిల్ గుండ్రంగానే వస్తుంది, కాకపోతే క్యాలెండర్ ఆపిల్ అవుతుంది. ఇక్కడ పండుని తిప్పేది వెలుగు నీడలు కాదు, రంగుల వెచ్చదనం (పసుపు, ఎరుపుల వైపు), చల్లదనం (నీలం, ఆకుపచ్చల వైపు). ఫోన్‌లో నలుపు తెలుపు ఫిల్టర్ పెట్టి చూస్తే ఇది బయటపడుతుంది. మూడో మచ్చకీ నాలుగో మచ్చకీ మధ్య చీకటి తేడా చాలా తక్కువ. నా మొదటి పండులో ఆ తేడా మూడింతలుంది, అందుకే అది బొమ్మలోంచి బయటికి దూకింది.

అనుమానముంటే ఒక పని చెయ్యండి. బండి మీద ఆపిల్ ఒకటి కొనుక్కొచ్చి, వేడినీళ్ళలో గుడ్డ ముంచి తుడిచి, పై మైనపు మెరుపు పోగొట్టి, తెల్ల తువ్వాలు మీద కిటికీ పక్కన పెట్టండి. అడుగుభాగం ఎర్రగా ఉండదు. తువ్వాలు తెలుపు కిందనుంచి కొట్టి, ఆ ఎరుపు ఊదాగా, ఒక్కోచోట ఆకుపచ్చ బూడిదగా కనిపిస్తుంది. ఇది చూశాక ఆరో ముద్ద ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

పళ్ళన్నీ ఒకేలా వెయ్యడం తర్వాతి తప్పు. ఆరు ముద్దలు కలిపిన ఉత్సాహంలో బుట్టలోవన్నీ ఒకే సూత్రంతో వేసేశాను. చూస్తే గోలీల సంచి. అసలు బొమ్మలో ఒకటి పసుపు దగ్గరే ఆగిపోతుంది, ఒకటి ఎరుపుతోనే మొదలవుతుంది, ఇంకొకటి సగం ఆకుపచ్చ. గీకేసి మళ్ళీ వేశాను. తడిగా ఉండగానే ప్యాలెట్ నైఫ్‌తో (రంగు కలిపే కత్తితో) గీకి గుడ్డతో తుడిస్తే కింద పల్చని జాడ మిగులుతుంది. దాని మీద వేసిన రెండో ప్రయత్నమే మొదటిదానికన్నా బాగుంటుంది, ఎందుకో ప్రతిసారీ అంతే.

గుడ్డకి మూడు సిట్టింగులు పట్టింది. తెల్లగుడ్డలో ట్యూబులోంచి వచ్చిన తెలుపు నేరుగా ఎక్కడా లేదు. వెలుగుకి ఉసిరికాయంత తెలుపులో మినపగింజంత ఓకర్. తిరిగిన మడతకి తెలుపు, అల్ట్రామెరైన్, అందులో నీలం అరుపు తగ్గించేంత సియెన్నా. లోపలి మడతకి దాన్లోనే వెరీడియన్. పళ్ళకి దగ్గరైన చోట వెర్మిలియన్ పొడ. ఈ నాలుగు బూడిదల మధ్య తేడా పాలెట్ మీద దాదాపు కనిపించదు. కాన్వాస్ మీద పక్కపక్కన పడ్డాకే ఒకటి గులాబీ, ఒకటి నీలం అని తెలుస్తుంది. అందుకే రంగుని పాలెట్ మీద చూసి తేల్చుకోకుండా, కత్తి కొసన కాస్త తీసుకుని తెర దగ్గర పట్టుకుని, తర్వాత కాన్వాస్ మీద పక్క రంగుతో కలిపి చూడాలి. మడతలను గుడ్డలా వెయ్యబోతే జారిపోతాయి. వాటిని కొండల్లా, పలకలు పలకలుగా వేస్తే నిలుస్తాయి.

సీసా రంగు తేలిక. వెరీడియన్, క్రిమ్సన్ సమంగా కలిపితే నలుపుకి దగ్గరైన చీకటి వస్తుంది. క్రిమ్సన్ తగ్గిస్తే ఆకుపచ్చకి, సియెన్నా చేరిస్తే గోధుమకి మళ్ళుతుంది. సీసా రెండు పక్కలూ ఒకదానికొకటి అద్దంలో చూసినట్టు ఉండవు. ఇక్కడా చెయ్యి సరిచేస్తుంది, కాపలా కాయాలి. బుట్ట అల్లిక మీద ఒక్కో పుల్లా లెక్కపెట్టి వేసేవాళ్ళని చూశాను. అక్కర్లేదు. నీడల్లో సియెన్నా, నీలం, వెలుగులో ఓకర్, నాలుగైదు చోట్ల అల్లిక తెలిస్తే చాలు.

రంగు బురదగా మారడం అందరి ఫిర్యాదు. కారణం రంగుల్లో కాదు, బ్రష్‌లో ఉంటుంది. వెచ్చని రంగులకొక బ్రష్, చల్లని వాటికొకటి, తెల్లగుడ్డకి విడిగా ఇంకొకటి పెట్టుకుంటే సగం పోతుంది. ప్రతి రెండు మచ్చలకీ బ్రష్‌ని పాత పంచె గుడ్డతో తుడిస్తే మిగతా సగం. టర్పెంటైన్‌లో ముంచి తుడవకుండా మళ్ళీ వాడితే ఆ పల్చని మురికి తర్వాతి పది మచ్చల్లోకి ఎక్కుతుంది.

రాత్రి పనిచేసేవాళ్ళు బల్బు సంగతి చూసుకోవాలి. పసుపు వెలుతురులో లేత పసుపు తెలుపులాగే కనిపిస్తుంది. ఇంకాస్త, ఇంకాస్త అని ఓకర్ వేస్తూ పోతాం. పొద్దున లేచి చూస్తే గుడ్డకి ఎవరో పసుపు నీళ్ళు చల్లినట్టుంటుంది. గుడ్డ, గోడ పగలే వేశాను, చీకట్లు మాత్రం రాత్రికి ఉంచుకున్నాను.

ఇక మన చెన్నై వాతావరణం. అగ్నినక్షత్రం రోజుల్లో, అంటే మే నెల మండుటెండల్లో, పల్చటి పొర మూడో రోజుకి చేతికి అంటలేదు. నవంబరు వానల్లో అదే పొరకి వారం దాటింది. తైలవర్ణం నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో నూనె గట్టిపడుతుంది. కాబట్టి గాలి ఆడేచోట పెట్టాలి. వానాకాలం కాన్వాస్‌ని గోడకి ఆనించి ఉంచితే వెనక నూలుగుడ్డకి బూజు పడుతుంది. మధ్యలో రెండు సీసా బిరడాలు పెడితే గాలి తిరుగుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి చెత్తబుట్టలో వెయ్యకండి. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ ఉండ దానంతటదే అంటుకోగలదు. ఈ ఊరి ఎండలో ఇంకా ప్రమాదం. విడివిడిగా పరిచి ఆరెయ్యండి, లేదా నీళ్ళలో తడిపి మూత డబ్బాలో వెయ్యండి. వాడిన టర్పెంటైన్ సింకులో పొయ్యకుండా సీసాలో నిలవుంచితే రంగు అడుక్కి దిగి పైది మళ్ళీ పనికొస్తుంది. కిటికీ తెరిచి ఉండాలి. ఏసీ వేసుకుని తలుపులు మూసి ఈ పని చెయ్యడం తలనొప్పి కొనితెచ్చుకోవడమే.

తెరలో తెలియనిది ఒకటుంది, రంగు మందం. ఎక్కడ రంగు లేచి ఉంది, ఎక్కడ కాన్వాస్ నేత కనిపిస్తోంది అన్నది ఫొటో చెప్పదు. సెజాన్ అసలు బొమ్మ ఇక్కడ చూడలేకపోయినా, తైలవర్ణపు పైపొర ఎలా ఉంటుందో చూడటానికి ఇంజంబాక్కం చోళమండలానికి వెళ్ళాను. చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ ముందుండి 1966లో మొదలుపెట్టిన కళాకారుల ఊరు అది. అక్కడి కాన్వాసులను ఎదురుగా కాకుండా పక్కనుంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూడాలి. ఎగ్మూరు మ్యూజియంలో రవివర్మ బొమ్మలనీ అలాగే చూస్తే, నునుపుగా రుద్దిన రంగుకీ మచ్చలుగా పెట్టిన రంగుకీ తేడా ఒక్క పూటలో తెలుస్తుంది.

మొత్తం పన్నెండు సిట్టింగులు, ఒక్కోటి రెండు గంటలు. చీకటి రంగులు ఆరాక కాంతి లేకుండా చప్పబడ్డాయి. కింది పొర నూనె పీల్చేసుకుంటే అలా అవుతుంది. ఆ చోట మాత్రమే పల్చగా నూనె రాసి, వెంటనే గుడ్డతో అద్దేస్తే అసలు రంగు తేలింది. ఆఖరి వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగాలి.

సంతకం గురించి. సెజాన్ తన బొమ్మల మీద సంతకం చెయ్యడం అరుదు. 1895లో పారిస్‌లో బొమ్మల వ్యాపారి ఆంబ్రువాజ్ వొల్లార్ పెట్టిన ప్రదర్శనకి వెళ్ళిన ఈ బొమ్మ మీద మాత్రం ఉంది. అది చూసి ఎంత ముచ్చటేసినా దాన్ని నకలు చెయ్యకూడదు. లూవ్ర్‌లో నకలు వేసేవాళ్ళకి కూడా సంతకం వెయ్యకూడదని, అసలు కొలతలో వెయ్యకూడదని నియమం. కాన్వాస్ వెనక చెక్క మీద ‘సెజాన్ ఆపిల్ బుట్టకు నకలు’ అని, తేదీ, వేసినవాళ్ళ పేరు చెరగని ఇంకుతో రాసిపెట్టాలి.

తర్వాతి కాన్వాస్ మీద ఎదురుగా పెట్టుకున్నవి నాలుగు టొమాటోలు, ఒక దోసకాయ, ఇత్తడి చెంబు, ఉతికిన తుండుగుడ్డ. ఆరు ముద్దలు అవే, బ్రష్‌లు అవే. చెంబు ఈసారి నిటారుగానే ఉంది, దారం కట్టి రెండుసార్లు చూశాను.